షావుకారు పెరటి గోడ

ఒక రేవు ఊళ్లో ఒక షావుకారు ఉండేవాడు. దొంగలు ఏటి మీదుగా పడవల్లో వస్తారని ఆయన భయం. అందుకని ఏటి వైపు నిలువెత్తు గోడ కట్టించి, ఇనుప తలుపులు బిగించి, మిద్దె మీద తుపాకుల వాళ్లను కాపలా పెట్టాడు. ఆ గోడ చూడ్డానికి పొరుగూళ్ల నుంచి జనం వచ్చేవారు. పెరటి వైపు మాత్రం వెదురు దడి. దాని అవతల అడవి.

ఒకరోజు ముసలి పాలేరు వచ్చి, “అయ్యా, మంచినీళ్ల బావి పెరట్లోనే ఉంది. అటు కూడా గోడ లేపిద్దాం. రాయి ఉంది, కూలీలున్నారు, తమరు ఊఁ అంటే చాలు” అన్నాడు.

అడవిలోంచి మనిషి రాగలడని షావుకారుకు తెలియక కాదు. కుర్రతనంలో ఆ దారినే మిరియాల మూటలు మోసినవాడు. అయినా ఒప్పుకోలేదు.

“ఒరే, ఇప్పుడు పెరట్లో గోడ లేస్తే షావుకారు బెదిరిపోయాడనుకోరూ? నా దగ్గర సొమ్ము దాచుకున్న వాళ్లంతా తెల్లారేసరికి గుమ్మంలో ఉంటారు.”

దొంగలు అడవిలోంచే వచ్చారు. దడి తోసుకుని వచ్చి బావి పట్టుకుని కూర్చున్నారు. షావుకారు తాళంచెవులు అప్పగించేశాడు. వాళ్లు తన మనుషుల్లో సగం కూడా లేరని, వాళ్ల దగ్గర తూటాలు అడుగంటాయని ఆయనకు ఆలస్యంగా తెలిసింది.

నీతి: లోపం కనపడనివాడికి చెబితే దిద్దుకుంటాడు. కనపడినా పరువు కోసం కప్పిపుచ్చేవాడికి ఎవరూ ఏమీ చెప్పలేరు.

ఈ షావుకారు 1942లో సింగపూర్‌లో ఉన్నాడు. సెంబవాంగ్‌లో బ్రిటిష్ వాళ్లు కోట్ల పౌండ్లు పోసి కట్టిన నౌకాస్థావరం 1938లో తెరుచుకుంది. సముద్రం వైపు 15 అంగుళాల ఫిరంగులు నిలిపారు. అవి వెనక్కి తిరగలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు గానీ అది సగమే నిజం. కొన్నింటిని నేల వైపు తిప్పి కాల్చారు కూడా. కాకపోతే వాటి గుండ్లలో ఎక్కువ భాగం ఓడల ఉక్కు చీల్చడానికి చేసినవి. నేలమీద నడిచే సిపాయిల మీద వాటి ప్రతాపం అంతంతమాత్రం.

జపాన్ సేన 1941 డిసెంబరు 8న ఉత్తరాన మలయాలోని కోట భారు దగ్గర దిగింది. రెండు రోజులకే, పైన విమానాల రక్షణ లేకుండా బయల్దేరిన ‘ప్రిన్స్ ఆఫ్ వేల్స్’, ‘రిపల్స్’ అనే పెద్ద యుద్ధనౌకలను వాళ్ల విమానాలు ముంచేశాయి. జనవరి నెలాఖరుకు మలయా అంతా పోయింది. జపాన్ సిపాయిలు రబ్బరు తోటల మధ్య తారు రోడ్ల మీద సైకిళ్లు తొక్కుకుంటూ దిగివచ్చారు. ఆ రోడ్లు బ్రిటిష్ వాళ్లు వేయించినవే.

పాలేరు పాత్ర ఇంజనీర్ల అధికారి సిమ్సన్‌ది. ద్వీపం ఉత్తర తీరాన రక్షణలు కట్టిస్తాను, సామగ్రి ఉంది అన్నాడు. సేనాధిపతి పెర్సివల్ వద్దన్నాడు. అలాంటివి కడితే సైన్యం, జనం ధైర్యం చెదురుతుందట! ఉత్తరం నుంచి దాడి ఎలా రావచ్చో 1937లో అంచనా రాసిపెట్టిన వాళ్లలో ఈ పెర్సివల్ ఒకడు. ఆయన వద్దనడాన్ని మూర్ఖత్వం అనడానికి నాకు మనసొప్పదు. మూర్ఖుడైతే ఆ అంచనా రాసేవాడే కాదు.

ఫిబ్రవరి 8 రాత్రి జపాన్ వాళ్లు మలయాకూ ద్వీపానికీ మధ్య ఉన్న జలసంధి దాటారు. వారం తిరక్కుండా నీటి చెరువులు వాళ్ల చేతుల్లోకి పోయాయి, పగిలిన గొట్టాల్లోంచి మిగతా నీళ్లు కారిపోయాయి. 15న ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో పెర్సివల్ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టాడు. ఎదుట కూర్చున్న జపాన్ సేనాధిపతి యమషిటా దగ్గర ఉన్నది ముప్ఫై వేల పైచిలుకు సేన, అడుగంటిన గుండ్లు. లొంగిపోయినవాళ్లు ఎనభై వేల పైనే. అందులో దాదాపు సగం మంది భారతీయ సిపాయిలు.

ఆ తర్వాత రెండు నెలలు తిరక్కుండానే, ఏప్రిల్ 6న, జపాన్ బాంబులు విశాఖపట్నం మీద, కాకినాడ మీద పడ్డాయి.