ఊరికి చేసింది వెట్టి కాదా?

మాది దేవరుప్పుల మండలంల ఒక చిన్న ఊరు. చెరువు నిండిన ఏడు వరి, నిండని ఏడు జొన్న, కంది. ఇప్పుడైతే ఎటు చూసినా పత్తే. మా దిక్కు చరిత్ర ఎవల నడిగినా చెప్తరు. 1946 జూలై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకు దొడ్డి కొమరయ్య ఒరిగింది మా పక్కనున్న కడవెండిలనే. జనగామ నుంచి సూర్యాపేట పోయే తొవ్వల కామారెడ్డిగూడెం కాడ బందగీ సమాధి ఉంటది. భూమి కోసం కోర్టుకెక్కి దొర మీద గెలిచి, గెలిచినందుకే ప్రాణం పోగొట్టుకున్నోడు. నేను సర్కారు బడిల సోషల్ చెప్త. కొమరయ్య కురుమ, ఐలమ్మ చాకలి, బందగీ పేద ముస్లిం. రాజుల పేర్ల నడుమ ఈ పేర్లు చెప్పేటప్పుడు నా గొంతు దానంతటదే లేస్తది.

పోరాటంతో వెట్టి పోయింది అనే మాట కాడికి వచ్చేసరికి మాత్రం ఆగుత. ఎవలకు చేసే వెట్టి పోయింది?

గడీకి చేసేది పోయింది. నిజం. మా తాత నాయిన దొర మూట నెత్తిన పెట్టుకొని పొలిమేర దాకా ఉరికేటోడట. అక్కడ ఇంకో ఊరి మాదిగాయన నెత్తికి మూట మార్చి మళ్ళేటోడట. సంఘం వచ్చింది, ఆ మోత ఆగింది. 1951 అక్టోబర్‌ల పోరాటం విరమించిన్రు.

మరి ఊరికి చేసింది? ఎవలింట్ల బర్రె చచ్చినా కబురు మా వాడకే. ఎవలు చచ్చినా డప్పు మాదే. మోట బావుల కాలంల తొండెం చినిగితే నీళ్ళు రావు, మడి ఎండుతది. ఆ తొండెం, ఎడ్ల వార్లు, రైతు కాళ్ళ చెప్పులు, అన్నీ మా ఆరె, రంపె కిందికెళ్ళి వచ్చినయే. దానికి కల్లం కాడ అందరి కొలతలు అయినంక ఊడ్చిన గింజలు. కరెంటు మోటర్లు వచ్చినంక తొండెమూ పోయింది, ఆ గింజలూ పోయినయి. డప్పు మాత్రం పోలే.

దొరకు చేస్తే వెట్టి, ఊరికి చేస్తే ఆచారం. ఇదెక్కడి లెక్క?

కమ్మరికి, కుమ్మరికి గూడ మేర ఇచ్చిన్రు గదా, అది ఊరి పొత్తు గదా అంటరు చదువుకున్నోళ్ళు. నేను ఒక్కటే చూస్త. చెయ్యను అంటే ఏమైతది? నేను ఆరో తరగతిల ఉన్నప్పుడు మా నాయిన ఒక చావు కాడ డప్పు కొట్టనన్నడు. ఒంట్ల బాగలేదని గాదు, కొట్టనని. నెల రోజులు మా వాడను ఎవలూ కూలికి పిలువలే. దుకాణంల ఉప్పు పుట్టలే. మా అవ్వ దేవరుప్పుల దాకా నడిచి తెచ్చింది. కాదనే హక్కు లేని పనికి ఏ పేరు పెట్టినా అది వెట్టే.

1994ల దండోర మొదలైనంక అదే డప్పును మా నాయిన సభలల్ల కొట్టిండు, ఎవలూ పిలువకున్నా పోయి కొట్టిండు. తోలు అదే, చిర్ర అదే.

నన్ను తొలిచేది ఇంకొకటి. మాకు కూలి బందు పెట్టినోళ్ళల్ల సంఘంల తిరిగినోళ్ళ కొడుకులు గూడ ఉన్నరు. దుర్మార్గులు గారు. దొర ముంగట వంగిన నడుము నొప్పి వాళ్ళ ఇండ్లల్ల చెప్పుకున్నదే. నొప్పి తెలిసినోడికి పక్కోడి నొప్పి ఎందుకు తెల్వకపాయె? గడీకి గోడ ఉన్నది, దొర ఎవలో దూరంకెల్లే కనిపిస్తడు. ఊరికి గోడ లేదు. ఊరే దొరైతే, అండ్ల నేనూ ఒక వంతు అని ఎవడు అనుకుంటడు?

అందుకే పిల్లలకు మూడు ప్రశ్నలు ఇచ్చిన. మీ తాత ఎవలెవలికి పని చేసిండు, మీ తాతకు ఎవలెవలు పని చేసిన్రు, ఏం ఇచ్చిన్రు. ఒక రైతు బడి కాడికి వచ్చి, “పాతయి ఎందుకు తవ్వుతవు సారూ” అన్నడు.

“కొమరయ్య గూడ పాతాయనే గదా పటేలా” అన్న.

ఆయన కొడుకు మాత్రం రాసుకొచ్చిండు. వాళ్ళ బావి తొండెం కుట్టినాయన పేరు ఇంట్ల ఎవలకూ యాదికి లేదట.