శుక్రవారం వచ్చిన ఆదివారం

దుబాయి వెళ్లినవాళ్లు బుర్జ్ ఖలీఫా ఎలాగూ చూస్తారు. వీలుంటే ఊద్ మేథాలోని సెయింట్ మేరీస్ చర్చికీ వెళ్లండి. నాటి పాలకుడు షేక్ రాషిద్ ఇచ్చిన స్థలంలో 1967లో తొలి చర్చి వెలిసింది. ఇప్పుడున్నది 1989 నాటిది.

ఇంగ్లీషు, అరబిక్, మలయాళం, తగలోగ్, తమిళం... ఒక భాషలో పూజ ముగిసి జనం బయటికొస్తుంటే మరో భాషవాళ్లు లోపలికి వెళ్తుంటారు. పూజలో ఒకరికొకరు శాంతి కలగాలని చెప్పుకునే ఘట్టం చూడాలి. కేరళ నర్సమ్మ చేతులు జోడిస్తుంది. ఫిలిప్పీన్స్ కుర్రాడు నవ్వుతూ తల వంచుతాడు. లెబనాన్ పెద్దాయన గుండెమీద చెయ్యి వేసుకుంటాడు. గోదావరి జిల్లా నుంచి ఇంటిపనికి వచ్చిన అక్క కొంగు తలమీదికి లాక్కుని నాలుగు వైపులా దండాలు పెట్టేస్తుంది. ఎవరూ ఎవరినీ దిద్దరు.

2022కు ముందు అక్కడ వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. అందుకే ఆదివారపు పూజకు జనం శుక్రవారమే పోటెత్తేవారు. ఆదివారమే రావాలని పట్టుబడితే డ్రైవర్లు, ఇంటిపనివాళ్లు ఎలా వస్తారు? చర్చే వాళ్ల సెలవుకు సర్దుకుంది. భవనం కన్నా ఈ సర్దుబాటే నాకు గొప్పగా తోచింది. పరాయి దేశంలో భక్తి కూడా డ్యూటీ టైము చూసుకోవాలి మరి!