సేవ చేసేవాళ్ళు జవాబు చెప్పాలా?

మా చిత్తూరు వైపు వేరుశనగని చెనిక్కాయ అంటాం. వానని నమ్ముకుని వేసే పంట, ఆ వాన తప్పితే అప్పే. అలాంటి పంట మీద పనిచేసే ఇక్రిశాట్ అంటే నాకు గౌరవమే. 1972లో పటాన్‌చెరులో మొదలైంది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, అన్నీ మెట్ట రైతు పంటలే. ఇది ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే నా పేచీ ఆ సంస్థ పనితో కాదు, దాని చుట్టూ చట్టం కట్టిన గోడతో.

ఇక్రిశాట్ మన ప్రభుత్వ సంస్థ కాదు, అంతర్జాతీయ సంస్థ. ఐక్యరాజ్యసమితికి ఇవ్వాల్సిన రక్షణల కోసం మనం 1947లో ఒక చట్టం చేసుకున్నాం. 1972లో కేంద్రం ఒక నోటిఫికేషన్‌తో వాటిని ఇక్రిశాట్‌కీ వర్తింపజేసింది. అంటే ఎవరైనా దావా వేస్తే, తనంతట తాను ఒప్పుకుంటే తప్ప, 'మీ కోర్టుకి మా మీద అధికారం లేదు' అనొచ్చు.

ఉద్యోగం పోయిన ఒకతను హైకోర్టులో రిట్ వేశాడు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2003లో వచ్చిన తీర్పు సారాంశం ఇది: ఇక్రిశాట్ రాజ్యాంగం చెప్పే 'రాజ్యం' కాదు, అది చేసే పరిశోధన స్వచ్ఛంద సేవ, స్వచ్ఛంద సేవ ప్రజావిధి కాదు, కాబట్టి రిట్ చెల్లదు.

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. దావాకి వెళ్తే అది ఐక్యరాజ్యసమితి అంతటిది. రిట్‌కి వెళ్తే ప్రైవేటుది. విడివిడిగా రెండు తర్కాలూ బాగానే ఉన్నాయి, మధ్యలో ఉన్న మనిషికే గుమ్మం లేదు. అతన్ని తీసేయడం న్యాయమో కాదో నేను చెప్పడం లేదు. అది తేల్చే చోటేదని అడుగుతున్నా.

తిరుపతిలో ఉంటూ సేవ అనే మాటని తేలిగ్గా తీసుకోలేం. కొండ మీద శ్రీవారి సేవకులు జీతం లేకుండా వచ్చి పనిచేస్తారు, వాళ్ళకి మనం రుణపడి ఉంటాం. అయినా వడ్డిస్తూ వేడి సాంబారు ఎవరి చేతి మీదో ఒలికిస్తే 'నేను సేవలో ఉన్నా' అనేది జవాబవుతుందా? సేవకి రావడం మన ఇష్టం. వచ్చాక ఎదుటివాళ్ళకి జరిగేది మన ఇష్టం కాదు. పైగా ఆ ఉద్యోగి సేవ అందుకున్నవాడు కూడా కాదు, జీతానికి పనిచేసినవాడు.

రక్షణ ఎందుకంటే, దానికీ గట్టి కారణం ఉంది. ఎన్నో దేశాల విత్తనాలు దాచిన జీన్‌బ్యాంకు పటాన్‌చెరులో ఉంది. ఇక్కడి ఏ మంత్రికో కోపమొచ్చి దానికి తాళం వేయించగలిగితే ఆఫ్రికా రైతు గతేంటి? భయం నిజమైనదే. కానీ విత్తనాల గదికి కట్టిన గోడ ఉద్యోగుల గొడవలకీ ఎందుకు అడ్డం నిలబడాలి?

1999లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ముందుకి ఇలాంటిదే వచ్చింది. జర్మనీలో యూరోపియన్ స్పేస్ ఏజెన్సీకి పనిచేసిన ఇద్దరు వేసిన కేసు. వాళ్ళు ఓడిపోయారు. కానీ కోర్టు ముందుగా ఒకటి చూసింది: సంస్థ లోపలైనా వీళ్ళ గోడు వినే సరైన ఏర్పాటు ఉందా? ఉందని తేలాకే రక్షణని ఒప్పుకుంది.

ఇదేమీ విదేశీ వింత కాదు. మన 1947 చట్టానికి షెడ్యూలుగా ఉన్న 1946 ఒప్పందంలోనే, 29వ సెక్షన్‌లో, ప్రైవేటు తగాదాలు తీర్చే మార్గం ఐక్యరాజ్యసమితే చూపించాలని రాసుంది. ఆ రక్షణల్ని ఇంకో సంస్థకి ఇచ్చేటప్పుడు అవసరమైన మార్పులు చేసుకునే వీలు కూడా కేంద్రానికి ఉంది. షరతు పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు, నోటిఫికేషన్‌లో ఒక వాక్యం చాలు.