ముందే పెద్దవాళ్లయిన పిల్లలు

శైశవం, బాల్యం, కౌమారం, యవ్వనం, వార్ధక్యం. మనిషి బతుకు ఇలా దశలవారీగా సాగుతుందని పుస్తకాలు చెబుతాయి. ఈ దశలన్నీ అందరికీ దక్కుతున్నాయా? ధర్మశాస్త్రాల్లో చదువుకునే దశ అయిన బ్రహ్మచర్యం ఉపనయనంతో మొదలవుతుంది. శూద్రులకు ఉపనయనం లేదు. అంటే వారి బిడ్డకు నేర్చుకునే వయసే లేదు, ఊహ తెలిసిన నాటి నుంచి సేవే.

తథాగతుడు వయసును చూసిన తీరు వేరు. వినయపిటకంలోని మహావగ్గంలో రెండు సంఘటనలున్నాయి. రాజగృహంలో ఉపాలి అనే బాలుడు, అతని స్నేహితులు, మొత్తం 17 మంది సంఘంలో చేరారు. తెల్లవారకముందే లేచి గంజి కావాలని, అన్నం కావాలని ఏడ్చారు. బుద్ధుడు పిల్లలను తప్పుపట్టలేదు, వారికి ఉపసంపద ఇచ్చిన భిక్షువులను మందలించాడు. ఆకలిదప్పులు, ఎండాచలీ ఓర్చుకోలేని ఆ వయసుపై అంత బరువు మోపరాదని, 20 ఏళ్లు నిండనివారికి ఉపసంపద ఇవ్వవద్దని నియమం పెట్టాడు.

15 ఏళ్లలోపు వారికి పబ్బజ్జ కూడా ఇవ్వరాదన్నది మరో నియమం. అయితే ఆనందుడిని ఆదరించే ఒక కుటుంబం రోగంతో తుడిచిపెట్టుకుపోయి ఇద్దరు పిల్లలే మిగిలారు. వారిని చేర్చుకోవడమెలా? ఆ పిల్లలు కాకులను తోలగలరా అని బుద్ధుడు అడిగాడు. తోలగలరని తెలిసి, అలాంటి పిల్లలకు పబ్బజ్జ ఇవ్వవచ్చన్నాడు. మొదటిచోట నియమం పెట్టిందీ, రెండోచోట సడలించిందీ పిల్లల మేలు కోసమే.

నేటి చట్టాన్ని ఈ గీటురాయిపై చూద్దాం. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారంతా బాలలే. కానీ 16 దాటిన బాలుడిపై ఘోర నేరారోపణ వస్తే, నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానం గ్రహించే శక్తి అతనికున్నాయా అని బోర్డు అంచనా వేస్తుంది. ఉన్నాయనిపిస్తే పెద్దవాడిలా విచారణకు పంపవచ్చు.

పదేళ్లకే ఇటుకబట్టీ చేరిన పిల్లవాడికి 16 ఏళ్లకు చేతులు కాయలు కాసి ఉంటాయి, మాటలో పెద్దరికం ఉంటుంది. మనం వాడి బాల్యాన్ని లాక్కున్నాం. ఆ లేమి నేర్పిన గట్టితనాన్నే సామర్థ్యంగా లెక్కవేసి వాడికి వ్యతిరేకంగా వాడటం న్యాయమా?

బాధితుల గోడు మాటేమిటని అడగవచ్చు. అడగాల్సిందే. కర్మకు బాధ్యత లేదని ధమ్మం ఎన్నడూ చెప్పలేదు. బాలుడు జవాబు చెప్పాలి. అయితే ఆ జవాబుదారీ వాడిని ఎదగనిచ్చేదిగా ఉండాలి.

ఈ లాక్కోవడం కోర్టు దాకా వెళ్లకముందే, ఇంట్లోనే మొదలవుతుంది. 2016 నాటి బాలకార్మిక చట్ట సవరణ, బడి వేళలు కాని సమయంలో పిల్లలు కుటుంబ వృత్తిలో సాయపడటానికి వీలిచ్చింది. మన దేశంలో కుటుంబ వృత్తి అంటే చాలాచోట్ల కులవృత్తే. బాబాసాహెబ్ మనల్ని ఏ సంకెల నుంచి బయటికి రమ్మన్నారో, ఆ సంకెలకు సాయంత్రం వేళ తలుపు తెరిచే ఉంది.

'మావాడు అప్పుడే పెద్దవాడయ్యాడు' అని మనమూ మురిసిపోతుంటాం. ఏ అవసరం వాణ్ణి పెద్దవాణ్ణి చేసిందో, ఆ అవసరాన్ని ఎవరు తీర్చాల్సిందో కూడా ఆ పూటే అడుగుదాం.