నలుడు పెట్టిన పందెం

జూదం పాపమా అన్నది మా ఇంట్లో ప్రశ్నే కాదు. పిల్లలం గవ్వలేసి అష్టాచెమ్మా ఆడుకుంటే ఎవరూ ఏమనేవారు కాదు. సంక్రాంతికి మగవాళ్లు ముక్కలు పరిచారంటే మాత్రం మా నాయనమ్మ వంటింట్లోంచే ధర్మరాజును తలుచుకుని తిట్లు లంకించుకునేది. ఆ ఇంట్లో పుట్టినదాన్ని, హైస్కూల్లో లెక్కల టీచరుగా రిటైరయ్యాను. సంభావ్యత పాఠంలో 52 ముక్కల లెక్కలు బోర్డు మీద ఎన్ని చేశానో! ముక్క చేత్తో పట్టింది మాత్రం ఇప్పుడే, టెక్సస్‌లో మా అమ్మాయి ఇంట్లో. గురువు పదహారేళ్ల మనవడు. ఆట పోకర్, అందులోనూ టెక్సస్ హోల్డెమ్. దీని పుట్టినిల్లు రాబ్స్‌టౌన్ అని 2007లో ఈ రాష్ట్ర శాసనసభే గుర్తించింది. మా పందేలు రాజ్మా గింజలతో.

ఆట తీరు తేలికే. ఎవరి రెండు ముక్కలు వాళ్లవి, మూసి ఉంటాయి. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు పడతాయి: ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖర్న ఇంకొకటి. ఏడింట్లో మంచి ఐదు ఎవరికి కుదిరితే వాళ్లది గెలుపు. నడుమ నడుమ పందేలు. వాడు నాకు ముందు నేర్పింది గెలవడం కాదు, "పడెయ్ అమ్మమ్మా" అని ముక్కలు పారేయడం. మన పదమూడు ముక్కల ఆటలో డ్రాప్ లాంటిదే. చేతికొచ్చిన ప్రతి జతనీ పట్టుకు వేలాడేవాడు త్వరగా ఖాళీ అవుతాడట.

ఒక ఆట చెబుతాను. మూడు ముక్కలు తెరిచేసరికి నా చేతివీ బల్ల మీదవీ కలిపి నాలుగు ఇస్పేట్లయ్యాయి. ఐదూ ఒకే జాతివైతే బలమైన చెయ్యి, అంటే ఇంకొక్కటి పడితే చాలు. మధ్యలో 100 గింజలున్నాయి. వాడు తన దగ్గర మిగిలిన 50 కూడా తోసేశాడు. నేను 50 పెడితే మొత్తం 200. అంటే నాలుగిట్లో ఒక్కసారి గెలిచినా నాకు నష్టం లేదు. నాకు కనబడని ముక్కలు 47, వాటిలో ఇస్పేట్లు 9, ఇంకా తెరవాల్సినవి రెండు. లెక్కేస్తే ఇస్పేటు పడే అవకాశం నూటికి 35. పెట్టాను. పడలేదు.

"కరెక్ట్‌గానే ఆడావు అమ్మమ్మా, ఓడిపోయావంతే" అన్నాడు.

పద్ధతి సరైనదైతే జవాబూ సరైనదే అవుతుందని జీవితమంతా పిల్లలకు చెప్పినదాన్ని. ఇక్కడ పద్ధతి ఒప్పు, ఫలితం సున్నా. మా అమ్మాయి నవ్వి, ఇది గీతలో చెప్పిందే కదా అంది. నాకు అలా తోచలేదు. గీత ఫలం మీద ఆశ వదలమంటుంది. వీడు ఫలాన్ని దశాంశాలతో సహా లెక్కగడుతున్నాడు. నాకు గుర్తొచ్చింది నలుడు.

అడవిలో కుమిలిపోతున్న ధర్మరాజుకు బృహదశ్వుడు చెప్పిన కథ అది. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడి రథం తోలుతుంటాడు. దారిలో తాండ్రచెట్టు. ఆ కాలంలో పాచికలు దాని కాయలే. ఋతుపర్ణుడు ఒక్క చూపు చూసి రెండు కొమ్మల్లో 2,095 కాయలున్నాయంటాడు. నలుడు నమ్మడు. రథం ఆపి, చెట్టు కొట్టి మరీ లెక్కపెడతాడు. సరిపోతుంది. తన గుర్రాల విద్య అశ్వహృదయానికి బదులుగా పాచికల విద్య అక్షహృదయం నేర్చుకుంటాడు. ఆ విద్య వంటబట్టగానే అన్నాళ్లూ పట్టి పీడించిన కలి బయటికొచ్చి ఆ చెట్టులోనే దూరతాడు. ప్రార్థనతో కాదు, లెక్కతో వదిలిన కలి! ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఈ కథ నాకు గర్వంగా ఉండేది. జూదంలో పాపమంటే అజ్ఞానమే, లెక్క తెలిస్తే దోషం లేదనుకునేదాన్ని.

మన చట్టమూ ఆ దారినే నడిచింది. సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అంది. తర్వాత ఫోన్లలోకి వచ్చిన పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. కోర్టుల్లో వాదన మాత్రం ఎప్పుడూ ఒకటే: నైపుణ్యమా, అదృష్టమా?

అయితే నలుడి కథ చెట్టు దగ్గర ఆగదు. విద్య రాకముందు, సర్వం ఓడాక, భార్య దమయంతిని పందెం పెట్టమని, జూదంలో నెగ్గిన పుష్కరుడు ఎగతాళి చేస్తే, నలుడు మారుమాట్లాడకుండా కట్టుబట్టలతో లేచి వెళ్లిపోయాడు. కలి ఒంట్లో ఉండగానే ఆ ఒక్క ముక్క పారేయగలిగాడు. విద్య వచ్చాక తిరిగొచ్చి మళ్లీ ఆడాడు. ఈసారి వ్యాసభారతంలో ఆయన ఒడ్డింది సంపాదించిన ధనాన్ని, ప్రాణాన్ని, దమయంతిని కూడా. గెలిచాడు కాబట్టి మనం పట్టించుకోం.

నలుడికి గెలుపు ఖాయం కనుక తప్పులేదని మనవడి వాదన. వాడి పుస్తకంలో ఖాయమనేది లేదు. చేతిలో రెండు ఆసులుండి ఎదుటివాడి దగ్గర రెండు రాజులున్నా, ఐదు ముక్కలూ పడేసరికి గెలిచేది నూటికి ఎనభై చిల్లరే. సరే, నలుడిది నూటికి నూరే అనుకుందాం. అయినా దమయంతిని అడిగాడా? లెక్క రానప్పుడున్న హద్దు, లెక్క వచ్చాక పోయింది. కలి వదిలిన చోట ధీమా వచ్చి కూర్చుంది.

ధర్మరాజు తనను పందెంలో ఓడినప్పుడు ద్రౌపది సభను పాచికలు మోసమా అని అడగలేదు. ముందు తననోడాడా, నన్నోడాడా అని అడిగింది. తనకే తాను కాని మనిషికి ఇంకొకరిని ఒడ్డే హక్కెక్కడిది అని. నైపుణ్యం వాటా ఎంతో తేల్చినా ఆ ప్రశ్న తేలదు. ఫోనులో రమ్మీ ఆడి కూతురి ఫీజు డబ్బు పోగొట్టిన తండ్రి నిజంగానే మంచి ఆటగాడై ఉండొచ్చు. నా 50 గింజల లాగే ఆయన పందెమూ లెక్కప్రకారం సరైనదే కావచ్చు. ఆ డబ్బు ఆయనది కాదు, అంతే.

అందుకని జూదం పాపమా అంటే నాయనమ్మలా అవుననలేను, మనవడిలా కాదనీ అనలేను. సంభావ్యత వాడు నాకు నేర్పుతున్నాడు, బాగానే నేర్పుతున్నాడు. బల్ల మీదికి తోసే ముందు అది ఎవరిదో చూసుకోవడం నేను వాడికి నేర్పాలి. దానికి మాత్రం నా దగ్గర సూత్రం లేదు, ద్రౌపది ప్రశ్నే ఉంది. దానికి ఆ సభలో భీష్ముడంతటివాడు జవాబు చెప్పలేకపోయాడు కనుక వాడికి వెంటనే తట్టకపోయినా తొందరపెట్టను.