ముందువరుసలోని ధర్మము

మనుష్యుని శీలమునకు మహాకార్యములే పరీక్షాస్థానములని తలపరాదు. అరలో ఒక పొట్లమును ఎచ్చట నుంచవలెనను చిన్న ప్రశ్నలోను ధర్మసూక్ష్మము దాగియుండును.

కలకత్తాలో ఖిదిర్‌పూరు రేవు చెంత వాట్‌గంజ్ అను పేట కలదు. పదునెనిమిదవ శతాబ్దమున అచ్చట ఓడల రేవు నిర్మింపబూనిన కర్నల్ హెన్రీ వాట్సన్ పేరు దానికి నిలిచినది. సరకు దింపుట, మోయుట, పేర్చుట ఆ వీథులకు చిరపరిచితములైన వృత్తులు. నా ఉద్యోగజీవితపు తొలిదినములును అచ్చటి యొక స్వయంసేవా దుకాణమున అరలు నింపుటలో గడచినవి.

కొనువారు తామే వస్తువును తీసికొను ఈ పద్ధతి 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరమున క్లారెన్స్ సాండర్స్ తెరచిన పిగ్లీ విగ్లీ అంగడితో ప్రసిద్ధికెక్కినది. అంతకు మునుపు వర్తకుడు వస్తువును చేతికిచ్చుచు దాని మంచిచెడ్డలు చెప్పుటకు వీలుండెడిది. స్వయంసేవలో ఆ సంభాషణ నిలిచిపోయినది. ఇక అరయే మాటలాడవలెను. దానిని నింపువాడే దాని వాక్కునకు బాధ్యుడు.

ఈ పనిలో మొదటి సూత్రమిది: పాతసరకు ముందునకు, క్రొత్తసరకు వెనుకకు. ఇది మోసము కాదా యని సంశయము కలుగవచ్చును. కాదు. గడువులోపల వస్తువు వినియోగమైనచో అన్నము నేలపాలు కాదు. మన ఇండ్లలోను నిన్నటి కూరగాయలు వండిన పిమ్మటనే నేటివి తీయుదుము. గడువుతేదీ పొట్లముపై ముద్రింపవలెనని 2020 నాటి ఆహార లేబులు నిబంధనలును విధించుచున్నవి. తేదీని మరుగుపరచుట మోసము. దానిని కనబడనిచ్చి వస్తువును ముందుంచుట పొదుపు.

అయినను ప్రశ్న ఇంతటితో తీరదు. చదువుకొన్నవాడు తేదీ చూచి, వెనుకవరుసకు చేయి చాచి క్రొత్తది తీసికొనును. అక్షరజ్ఞానము లేని కూలీ ముందున్నదే తీసికొనిపోవును. ఇరువురు చెల్లించు వెల యొక్కటే. దక్కు వస్తువు వేరు. చట్టము తన పని చేసినది. కాని చదువలేనివానికి ముద్రించిన తేదీ చెప్పని మాటతో సమానము. చట్టము ఆగిన చోటనే ధర్మము నడువవలసియున్నది.

అట్లని ముందువరుసను తొలగింప నక్కరలేదు. “ఇది ఎల్లుండి వరకే నిలుచును, నేడే వాడుదురా?” అని యడిగినచో చాలును. నేడే వాడువానికి పాతదానివలన నష్టము లేదు. వారము దాచుకొనువానికి వెనుకనున్నది ఇచ్చుట న్యాయము. ఆ మాటకు ఖర్చు లేదు, దానికై వేతనమును పెరుగదు. చెప్పకున్నను అడుగువారుండరు. కనుకనే అది శీలమునకు నిజమైన పరీక్ష.

కొనువానికిని ఇందు భాగము కలదు. ఈ రాత్రియే త్రాగు పాలకై వెనుకవరుస వెదకువాడు పాతదానిని చదువురానివానికి మిగుల్చుచున్నాడు. అవసరము లేని మేలుకోరిక ఇతరుల పాలిట లోటగుట ఇట్లే.

ఎదుటివాడు ఎంత అశక్తుడో మన బాధ్యత అంత అధికము. మనకు తెలిసి అతనికి తెలియనిదానిని మన లాభముగా నెంచక, అతనికి చెందవలసిన సొత్తుగా భావించుటయే వృత్తిధర్మము. అరలు నింపువానికిని, అధికారము నెరపువానికిని ఈ ధర్మ మొక్కటే.