పిట్టగోడ లేని మిద్దె



ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనము మనము తరచుగా చదివేది కాదు. గృహప్రవేశ కూడికలలో చదువుదామని నేనంటే అందరూ కీర్తనే కోరతారు! కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెను; కట్టక, ఎవడైనా అక్కడనుండి పడి చనిపోతే ఆ రక్తదోషము ఆ ఇంటిమీదికి వచ్చును. ఇదీ దాని భావము. గమనించండి, ఇంటివాడు ఎవరినీ తోయలేదు. చేయవలసిన పని చేయలేదు, అంతే. అయినా దేవుని లెక్కలో అది రక్తమే.

నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడిచే ఎద్దు సంగతి కూడ ఇటువంటిదే. ఎద్దు పొడుస్తుందని ముందే చెప్పినా కట్టివేయనివాడు ఆ ప్రాణానికి జవాబుదారి. తన ప్రాణానికి విడుదల వెల కట్టవలసి రావచ్చును. నేడు న్యాయస్థానము అడిగేదీ ఇంచుమించు ఇదే: నీకు ముందు తెలిసిందా? ఆపగలిగి యుండియు ఆపలేదా?

2023 మే 21, ఆదివారము. మన బెంగళూరులో కె.ఆర్. సర్కిల్ అండర్‌పాసులో వాననీరు నిండి, ఆంధ్రానుండి వచ్చిన ఒక తెలుగు కుటుంబము అద్దె కారులో చిక్కుకొన్నది. 22 ఏండ్ల సాఫ్ట్‌వేరు ఉద్యోగిని, వారి బిడ్డ, చనిపోయినది. ముఖ్యమంత్రి 5 లక్షల రూపాయల సహాయము ప్రకటించారు. మంచిదే. కాని సహాయము వేరు, నష్టపరిహారము వేరు. మొదటిది జాలితో ఇచ్చేది. రెండవది, తప్పు ఎవరిదో తేలిన తరువాత హక్కుగా రావలసినది.

మన కూడికలకు వచ్చే ఒక సహోదరి భర్త పని స్థలములో మూడవ అంతస్తునుండి పడి చనిపోయాడు. అడ్డు కట్టలేదు, నడుముకు బెల్టు లేదు. మూడవ నాడు మేస్త్రీ ఒక కవరు తెచ్చి, తెల్లకాగితముమీద ఆమె వేలిముద్ర వేయించుకొని పోయాడు. బంధువులు, "దేవుని చిత్తమమ్మా, ఏడవకు" అన్నారు. నేనూ ఆ మాటే అని ప్రార్థన చేసి వచ్చాను. ఇంటికి వచ్చాక లూకా 13వ అధ్యాయము తెరిచితిని. సిలోయము గోపురము కూలి 18 మంది చనిపోయినప్పుడు, వారు ఇతరులకంటె పాపులని తలంచవద్దని ప్రభువు స్పష్టముగా చెప్పెను. మరి కాంట్రాక్టరు మెడకు చుట్టుకోవలసినదాన్ని నేను దేవుని మెడకు చుట్టి వచ్చితిని గదా!

ఆ మరుసటి వారము ఆమెను వకీలు దగ్గరికి తీసుకొని పోయాము. అక్కడ తెలిసిన సంగతులు మీకూ తెలియాలి. పనిలో చనిపోయినవాని పరిహారము, కొద్దిపాటి అడ్వాన్సు తప్ప, యజమాని నేరుగా కుటుంబము చేతిలో పెట్టి చేయి దులుపుకొనుటకు వీలులేదు; ప్రభుత్వ అధికారి యొద్ద జమ చేయాలి. హక్కు వదులుకొన్నట్టు వ్రాయించుకొన్న కాగితము చెల్లదు. ఇవి 1923 చట్టములోనివి. 2025 నవంబరులో అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉన్నవి. గడువు రెండేండ్లు. ఈ.ఎస్.ఐ. ఉన్నవారికి దారి వేరు. ఇతరుల నిర్లక్ష్యమువల్ల చనిపోయినవారి భార్య, భర్త, తల్లిదండ్రులు, బిడ్డల కొరకు దావా వేయుటకు 1855 నాటి చట్టము ఒకటి ఉన్నది. రోడ్డు ప్రమాదమైతే ట్రిబ్యునలుకు ఆరు నెలలలోపే వెళ్లండి. ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం రిపోర్టు నకళ్లు తీసుకోకుండా శవముతో ఊరికి బయలుదేరవద్దు. మనవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే.

విశ్వాసి కోర్టుకెక్కవచ్చునా అని కొందరు 1 కొరింథీయులకు 6వ అధ్యాయము చూపిస్తారు. అక్కడ పౌలు గద్దించినది సంఘములోని సహోదరులు ఒకరిమీద ఒకరు వేసుకొన్న వ్యాజ్యెములను. అదే పౌలు తనకు అన్యాయము జరుగబోయినప్పుడు కైసరు ఎదుట చెప్పుకొందునన్నాడు. లూకా 18లోని విధవరాలు న్యాయాధిపతిని భిక్షమడగలేదు, న్యాయమే అడిగినది.

"చచ్చినవాని పేరుతో డబ్బా?" అని ఊరివాళ్లు అంటారు. అననివ్వండి. బిడ్డల ఫీజు వాళ్లు కట్టరు. పైగా ఇది డబ్బుతో పోయే సంగతి కాదు. 2010 ఫిబ్రవరి 23న పాత విమానాశ్రయ రోడ్డులోని కార్ల్‌టన్ టవర్స్‌లో నిప్పంటుకొని 9 మంది చనిపోయినారు. వారి కుటుంబాలు కన్నీళ్లతో ఆగక, బియాండ్ కార్ల్‌టన్ అనే సంస్థగా కూడి, ఇతరుల భవనాలలో అగ్ని భద్రత కొరకు పాటుపడ్డారు. ఎవరో కట్టని పిట్టగోడను వారు కట్టబూనినారు.

మన సహోదరి దావా నడుస్తున్నది. హాజరు పుస్తకములో ఆమె భర్త పేరే లేదట. అతడు మా దగ్గర పని చేయనే లేదని అవతలివారి వాదన. ఆ రోజు అతని పక్కన పనిచేసిన ఇద్దరు మన ఆరాధనకే వస్తారు. సాక్ష్యము చెబితే రేపు పని ఉండదని వారి భయము. అది ఉట్టి భయము కాదు, నేను వారిని తప్పుపట్టను. తెలిసినవాడు చెప్పకపోతే దోషమని లేవీయకాండము 5వ అధ్యాయము అంటున్నది గాని, ఆ మాట వారికి నేను ఒక్కడినే వెళ్లి చెప్పడం న్యాయము కాదు. వారి పని పోతే కొత్త పని దొరికేవరకు ఇంటి బియ్యము ఎవరు చూస్తారో ముందు మనము తేల్చుకోవాలి. వచ్చే ఆదివారము ఆరాధన అయ్యాక పెద్దలు, స్త్రీల సమాజమువారు దయచేసి ఒక గంట ఉండండి.